పూల్‌లో బ్యాక్‌హ్యాండ్ ఇంగ్లిష్ నేర్చుకుంటున్నా, క్యూ మారగానే గురి మారిపోతోంది: వైజాగ్ ఆటగాళ్లు చెప్పండి

సిరిపురం_నైన్‌బాల్

అందరికీ నమస్కారం. పూల్‌లో సైడ్ పెట్టి, అంటే వైట్‌ని (క్యూతో కొట్టే తెల్ల బంతిని) మధ్యలో కాకుండా పక్కన కొట్టి తిరిగేలా చేసి, వేరే బంతిని పాకెట్‌లో వేయడం (పాట్ చేయడం) మీద కొన్నాళ్లుగా పనిచేస్తున్నాను. ఈ సైడ్‌నే ఇంగ్లిష్ అని కూడా అంటారు. బ్యాక్‌హ్యాండ్ ఇంగ్లిష్ తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. ముందు సైడ్ ఏమీ లేకుండా వైట్ మధ్యలోకే గురి చూసి పూర్తిగా కుదురుకోవాలి, తర్వాత బ్రిడ్జి చెయ్యి (క్యూని ముందు ఆనించే చెయ్యి) కదపకుండా వెనక చెయ్యి మాత్రమే పక్కకి జరిపి టిప్‌ని (బంతికి తగిలే క్యూ కొసని) కావలసిన వైపుకి తేవాలి, అక్కడి నుంచి స్ట్రెయిట్‌గా కొట్టాలి. కుడి సైడ్ కావాలంటే వెనక చెయ్యి ఎడమకి జరుగుతుంది. క్యూ ఏటవాలుగా పోతున్నట్టు కనిపిస్తుంది కానీ, సైడ్ పెడితే వైట్ ఎలాగూ అవతలి వైపుకి కొంచెం తోసుకుపోతుంది కాబట్టి రెండూ చెల్లుకు చెల్లు అయిపోయి వైట్ మొదట చూసిన గీత మీదే వెళ్తుంది.

నేనాడే పార్లర్‌లో స్టాండ్‌లో ఉండే మేపుల్ చెక్క క్యూతో ఇది చక్కగా కుదిరింది. ఈమధ్య మా అన్నయ్య దుబాయ్ నుంచి వస్తూ కార్బన్ షాఫ్ట్ (క్యూ ముందు భాగం) ఉన్న క్యూ తెచ్చిచ్చాడు. మధ్యలో కొడితే ఏ ఇబ్బందీ లేదు. సైడ్ పెడితే మాత్రం ప్రతిసారీ ఒకే రకంగా తప్పుతోంది, కుడి సైడ్ పెడితే వైట్ గురి కన్నా కుడికి, ఎడమ సైడ్ పెడితే ఎడమకి. చెయ్యి తడబడుతుంటే ఒకసారి అటు, ఒకసారి ఇటు పోవాలి కదా. పద్ధతి మార్చుకోవాలా, క్యూ మార్చుకోవాలా?

చాక్‌పొడి_గాజువాక

క్యూ మీద పెట్టకు తమ్ముడూ. మా గాజువాకలో ఒక పెద్దాయన ఉన్నాడు, సొంత క్యూ లేదు, స్టాండ్‌లోది తీసుకుని ఆడతాడు, ఖరీదైన కేసులు భుజాన వేసుకొచ్చిన కుర్రాళ్లందరి చేతా టేబుల్ అద్దె కట్టించి పంపిస్తాడు. స్ట్రోక్ స్ట్రెయిట్‌గా వస్తోందో లేదో ముందు చూసుకో. కొట్టాక టిప్ ఎక్కడ ఆగుతోందో చూస్తే తెలిసిపోతుంది.

మార్కర్_బాబాయ్

చాక్‌పొడి గారూ, ఆ పెద్దాయన స్టాండ్‌లోంచి తీసేది రోజూ ఏ క్యూనో ఎప్పుడైనా గమనించారా? నేను డాబాగార్డెన్స్‌లో ఒక పార్లర్‌లో మార్కర్‌గా (టేబుళ్లు, స్కోరు చూసుకునే మనిషిగా) చేశాను, అలాంటివాళ్లు మా దగ్గర కూడా ఉండేవాళ్లు. వాళ్ల క్యూ విడిగా పక్కన పెట్టమనేవాళ్లు, గుర్తు కోసం బట్ (క్యూ వెనక లావు భాగం) అడుగున చిన్న గాటు ఉండేది. ఆ క్యూ ఇంకెవరి చేతిలోనో ఉంటే ఖాళీ అయ్యేదాకా కూర్చునేవాళ్లు, లేకపోతే వేరేది తీసుకుని ఆ పూటకి సైడ్ దాదాపు మానేసి ఆడేవాళ్లు. సొంత క్యూ కాదన్న మాటే గానీ వాళ్ల చేతికి అలవాటైంది ఆ ఒక్క క్యూయే.

సిరిపురం బాబూ, నువ్వు ఒక మాట బాగా పట్టుకున్నావు. అటూ ఇటూ పోతే చెయ్యి, ఎప్పుడూ ఒకే వైపు పోతే క్యూ. నీ పద్ధతిలో లోపం లేదు, ఆ పద్ధతి నీ పాత క్యూ కొలతకి కుదిరింది, కొత్త క్యూ కొలత వేరు.

టిప్ వైట్‌కి పక్కగా తగిలినప్పుడు, తగిలి ఉన్న ఆ క్షణంలోనే వైట్ తిరగడం మొదలుపెడుతుంది, తిరుగుతూ క్యూ కొసని పక్కకి నెడుతుంది. క్యూ కొస బరువుగా ఉంటే తేలిగ్గా పక్కకి జరగదు, అప్పుడు వైట్టే రెండో వైపుకి జరుగుతుంది. దాన్నే స్క్విర్ట్ అంటాం, డిఫ్లెక్షన్ అన్నా అదే. కొస తేలికైతే క్యూ పక్కకి తప్పుకుంటుంది, వైట్ గీత మీద ఉంటుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది క్యూ మొత్తం బరువు కాదు, టిప్ నుంచి మొదటి ఐదారు అంగుళాల బరువు. 19 ఔన్సుల క్యూ అయినా 21 ఔన్సులదైనా స్క్విర్ట్‌లో చెప్పుకోదగ్గ తేడా రాదు, కొసలో కొన్ని గ్రాములు తీసేస్తే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లో డిఫ్లెక్షన్ షాఫ్టుల్లో కొస లోపల బోలుగా ఉంచేదీ, ఫెర్రూల్ (టిప్ కింద ఉండే చిన్న తొడుగు) పొట్టిగా తేలిగ్గా పెట్టేదీ అందుకే.

ఇప్పుడు నీ విషయం. బ్యాక్‌హ్యాండ్‌లో నువ్వు క్యూని బ్రిడ్జి దగ్గర ఇరుసు మీద తిప్పినట్టు తిప్పుతున్నావు. బ్రిడ్జికీ వైట్‌కీ మధ్య ఏదో ఒక దూరంలో మాత్రమే ఆ తిప్పిన కోణం, స్క్విర్ట్ కోణం సమానమవుతాయి. ఆ దూరం ఒక్కో షాఫ్ట్‌కి ఒక్కోలా ఉంటుంది, పివట్ లెంగ్త్ అంటారు. మామూలు మేపుల్ షాఫ్ట్‌కి 10, 12 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది, మనం మామూలుగా పెట్టే బ్రిడ్జి కూడా దాదాపు అంతే కాబట్టి పార్లర్ క్యూతో ఏ లెక్కా తెలియకుండానే కుదిరిపోతుంది. స్క్విర్ట్ తక్కువ ఉన్న షాఫ్ట్‌కి ఆ దూరం చాలా ఎక్కువ. నువ్వు పాత బ్రిడ్జితోనే తిప్పుతున్నావు, క్యూ తిరిగే కోణం అంతే ఉంది, వైట్‌ని వెనక్కి లాగే స్క్విర్ట్ మాత్రం తగ్గిపోయింది. అందుకే కుడి సైడ్‌కి కుడికి, ఎడమ సైడ్‌కి ఎడమకి.

అలలు_ఎంవీపీ

బాబాయ్ చెప్పినదానికి అంకెలు వేసి చూపిస్తాను, అప్పుడు ఎంత తేడా అవుతుందో తెలుస్తుంది. ఏయూలో మెకానికల్ చదువుతున్నా, సాయంత్రాలు పూల్.

బ్రిడ్జి నుంచి వైట్‌కి 10 అంగుళాలు అనుకుందాం, అంటే 254 మి.మీ. టిప్‌ని మధ్య నుంచి 10 మి.మీ. పక్కకి తెచ్చాం. క్యూ తిరిగిన కోణం సుమారు 2¼ డిగ్రీలు. షాఫ్ట్ పివట్ లెంగ్త్ 18 అంగుళాలు అనుకుంటే స్క్విర్ట్ సుమారు 1¼ డిగ్రీలే. మిగిలిన ఒక డిగ్రీ తప్పు. వైట్ 4 అడుగులు వెళ్లేసరికి ఆ ఒక్క డిగ్రీ దాదాపు 21 మి.మీ. అవుతుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ., అంటే బంతిలో మూడో వంతు కన్నా ఎక్కువ పక్కకి తగులుతోంది. అది పాకెట్ అంచుకి తగిలి ఆగే తప్పు కాదు, బంతి కుషన్‌కి (టేబుల్ అంచుకి) పోయే తప్పు. స్ట్రోక్ ఎంత సాధన చేసినా ఈ డిగ్రీ పోదు, ఎందుకంటే నువ్వు సరిగ్గా కొట్టినప్పుడే అది వస్తోంది.

చాక్‌పొడి_గాజువాక

సరే, ఒకే వైపు పోతే క్యూ అన్న మాట ఒప్పుకుంటున్నా. ఆ పెద్దాయన క్యూ సంగతి ఈసారి చూస్తా. కానీ 18 అంగుళాల బ్రిడ్జి ఎవడు పెడతాడు బాబాయ్?

ఉక్కునగరం_స్నూకర్

నా సందేహం కూడా ఇక్కడే అడుగుతాను. నేను చిన్నప్పటి నుంచి స్నూకర్, టౌన్‌షిప్‌లో 12 అడుగుల టేబుల్ మీద నేర్చుకున్నాను. ఇప్పుడు ఫ్రెండ్స్ అందరూ పూల్‌కి మారారు, నేను నా యాష్ చెక్క క్యూతోనే పూల్ ఆడుతున్నాను, టిప్ 9.5 మి.మీ. సైడ్ విషయంలో నాకు బ్యాక్‌హ్యాండ్ అలవాటే లేదు, మొదటి నుంచీ క్యూని పక్కకి జరిపి సమాంతరంగా పెట్టి, వైట్ ఎంత తోసుకుపోతుందో కంటి అంచనాతో సర్దుకుంటాను. ఇది తప్పు పద్ధతా?

మార్కర్_బాబాయ్

తప్పేమీ కాదండి, స్నూకర్ వాళ్లలో చాలామంది అంతే. ఏళ్ల తరబడి ఒకే క్యూతో ఆడినవాళ్లకి ఆ అంచనా చేతిలోకి వచ్చేస్తుంది, దాన్ని చెడగొట్టుకోవద్దు. అయితే స్నూకర్ బంతి 52.5 మి.మీ., పూల్ బంతి అంతకన్నా పెద్దది, బరువైంది. అదే క్యూ, అదే చెయ్యి అయినా స్క్విర్ట్ అదే ఉండదు, స్నూకర్ టేబుల్ మీది అంచనా పూల్ టేబుల్ మీద యథాతథంగా పనిచేయదు. ఇంకో మాట, ఆ యాష్ క్యూతో బ్రేక్ మాత్రం కొట్టకండి. సన్నటి కొస, సన్నటి టిప్, బరువైన బంతి. ఫెర్రూల్ దగ్గర చీలిక వచ్చిన క్యూలు నా చేతులతో మరమ్మతుకి పంపించాను. బ్రేక్‌కి స్టాండ్‌లోది తీసుకోండి.

కొత్తగురి

ఇంత తలనొప్పి ఎందుకు, సీటీఈ (సెంటర్ టు ఎడ్జ్) అనే గురి పద్ధతి నేర్చుకోండి. హాల్ హూల్ మొదలుపెట్టింది, తర్వాత స్టాన్ షఫెట్ వీడియోల్లో నేర్పించింది. వైట్ మధ్య నుంచి ఆబ్జెక్ట్ బంతి (పాకెట్‌లో వేయాల్సిన బంతి) అంచుకి చూపు గీత పెట్టి పివట్ చేస్తే చాలు.

అలలు_ఎంవీపీ

అన్నా, సీటీఈ వేరే ప్రశ్నకి జవాబు. బంతిని ఎంత మందంగా తాకాలి అన్నది సీటీఈ చెప్తుంది, ఘోస్ట్ బాల్ పద్ధతి (తగిలే క్షణంలో వైట్ ఉండాల్సిన చోట ఒక బంతిని ఊహించుకుని గురి చూడటం) చెప్పేదీ అదే. సైడ్ పెట్టినప్పుడు వైట్‌ని ఆ గీత మీద ఎలా నిలపాలి అన్నది ఇక్కడి సమస్య. సీటీఈ జామెట్రీ ఎంతవరకు నిజం అన్నదాని మీద అమెరికాలో ఏళ్లుగా గొడవలు నడుస్తున్నాయి, దానితో గొప్పగా ఆడేవాళ్లూ ఉన్నారు. దాని మీద వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను.

సిరిపురం_నైన్‌బాల్

బాబాయ్, నా షాఫ్ట్ పివట్ లెంగ్త్ ఎంతో ఎలా తెలుసుకోవాలి? డబ్బా మీద లో డిఫ్లెక్షన్ అని మాత్రమే ఉంది, అంకె లేదు.

మార్కర్_బాబాయ్

డబ్బా మీద రాసింది నమ్మకు. కార్బన్ అని అమ్మేవన్నీ లో డిఫ్లెక్షన్ కావు, గట్టిగా బరువైన కొసతో వచ్చే చవక కార్బన్ షాఫ్టులు మామూలు మేపుల్ కన్నా ఎక్కువ తోసేవి కూడా ఉన్నాయి. నీ తప్పు వెళ్తున్న వైపుని బట్టి నీది మంచిదే అనిపిస్తోంది. కొలవడం ఇలా.

వైట్‌నీ ఇంకో బంతినీ టేబుల్ మధ్యగా ఒకే గీతలో పెట్టు, మధ్యలో మూడడుగులు చాలు. సైడ్ లేకుండా గట్టిగా స్టన్ కొట్టు, రెండో బంతి తిన్నగా వెళ్లి వైట్ అక్కడే ఆగిపోవాలి. అది వచ్చేదాకా ముందుకి వెళ్లొద్దు. తర్వాత అదే షాట్‌కి గురి చూసి, బ్రిడ్జి కదపకుండా కుడి సైడ్‌కి తిప్పి, అదే వేగంతో కొట్టు. క్యూ వీలైనంత పడుకోబెట్టి ఉండాలి. ఇప్పుడు రెండో బంతి ఎటు వెళ్లిందో చూడకు, సైడ్ వల్ల దానికి త్రో వచ్చి, అంటే రెండు బంతుల రాపిడి దాన్ని పక్కకి నెట్టి, కొంచెం ఎడమకి పోతుంది, అది నిన్ను మోసం చేస్తుంది. వైట్‌ని చూడు. నిండుగా తగిలితే వైట్ అక్కడికక్కడే బొంగరంలా తిరుగుతుంది. తిరుగుతూ కుడికి జారితే అది కుడిగా వెళ్లి తగిలినట్టు, అంటే బ్రిడ్జి చాలా దగ్గరైంది, వెనక్కి జరుపు. ఎడమకి జారితే బ్రిడ్జి ఎక్కువ దూరమైంది. వైట్ కదలకుండా తిరిగే చోట ఆగి టేపుతో కొలువు, బ్రిడ్జి వేళ్ల నుంచి వైట్ దాకా. ఎడమ సైడ్‌తో కూడా చెయ్యి, రెండు వైపులా ఒకే అంకె రావాలి. రాకపోతే నువ్వు మధ్య అనుకుంటున్న చోటు మధ్య కాదు.

తీరం_గాలి

కొలిచే ముందు బంతులు తుడవండి, దయచేసి. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. మన ఊరి గాలిలో తేమ, వేసవిలో ఉక్కపోత, చేతుల చెమట, చాక్ పొడి అన్నీ కలిసి బంతుల మీద జిడ్డు పొర కడుతుంది. జిడ్డు బంతుల మధ్య రాపిడి ఎక్కువ, రాపిడి ఎక్కువైతే త్రో ఎక్కువ. గట్టిగా పట్టినప్పుడు త్రో 5 డిగ్రీల దాకా వెళ్తుంది, అంటే ఆబ్జెక్ట్ బంతి అడుగు దూరం వెళ్లేసరికి అంగుళం పక్కకి. అలలు గారు లెక్కేసిన ఒక్క డిగ్రీ కన్నా ఇదే పెద్ద తప్పు, పైగా ఇది నెమ్మదిగా కొట్టే కట్ షాట్లలో ఎక్కువగా వస్తుంది, మనం జాగ్రత్తగా కొడుతున్నాం అనుకునే షాట్లలోనే.

టేబుల్ మీది బట్ట సంగతి కూడా అంతే. ఏసీ ఉదయం నుంచి నడిచే పార్లర్‌లో ఒక రకం, మనుషులు వచ్చాకే ఏసీ వేసే చోట మొదటి గంట ఇంకో రకం, తేమ పట్టిన బట్ట మీద వైట్ నెమ్మదిస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఆడి మద్దిలపాలెం వస్తే బంతి నాలుగు అంగుళాలు ఎక్కువ పోతున్నట్టు ఉంటుంది నాకు. ఇంకో మనవి, చెక్క క్యూని ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో వదలకండి, గోడకి వాలుగా కూడా పెట్టకండి, వంగిపోతుంది. కార్బన్‌కి ఆ వంపు బెడద లేదు, మన ఊళ్లో దానికి డబ్బు పెట్టడానికి నాకు కనిపించే అసలు కారణం అదే.

అలలు_ఎంవీపీ

త్రో గురించి నిజం. దాన్ని తప్పించుకునే దారి కూడా సైడ్‌లోనే ఉంది. సగం బంతి కట్, అంటే 30 డిగ్రీలు. ఎడమకి కట్ చేస్తుంటే వైట్‌కి మధ్య నుంచి 5, 6 మి.మీ. కుడి సైడ్ పెట్టి చూడండి. తగిలే చోట రెండు బంతుల ఉపరితలాలు ఒకదాని మీద ఒకటి జారకుండా పళ్ల చక్రాల్లా దొర్లుతాయి, జారుడు లేకపోతే త్రో ఉండదు. వైట్ వ్యాసార్ధంలో సగం, అంటే సుమారు 14 మి.మీ. దాటితే ఎలాగూ టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది, దానిలో ఇది 40 శాతమే. అందుకే ఈ షాట్‌కి సైడ్ నమ్మకంగా పెట్టగలిగినవాళ్లకి బంతులు జిడ్డుగా ఉన్నా పాట్ పోదు. బ్యాక్‌హ్యాండ్ సరిగ్గా కుదరాలని ఇంత పట్టు పట్టేది దీని కోసమే.

సిరిపురం_నైన్‌బాల్

బంతులు తుడిచి కొలిచాను. పాత మేపుల్ క్యూకి వైట్ కదలకుండా తిరిగింది 11 అంగుళాల దగ్గర, నా బ్రిడ్జి కూడా 10, 11 మధ్యే. కార్బన్‌కి బ్రిడ్జి 14 దాకా జరిపినా వైట్ ఇంకా కుడికే జారుతోంది, జారేది తగ్గింది అంతే. 16కి వెళ్తే నా స్ట్రోక్ నిలవడం లేదు, కాబట్టి ఆ పైన వచ్చింది లెక్కలోకి తీసుకోలేదు. ఎడమ సైడ్‌కి కూడా ఇదే. పద్ధతి మీద అనుమానం పోయింది, చాలా సంతోషంగా ఉంది. కానీ చాక్‌పొడి అన్న అడిగిందే నేనూ అడుగుతున్నా, అంత పొడవు బ్రిడ్జి పెట్టలేను కదా?

మార్కర్_బాబాయ్

పెట్టక్కర్లేదు. మిగతా పని ముందు చెయ్యి చేస్తుంది. ఫ్రంట్‌హ్యాండ్ అంటే వెనక చెయ్యి అలాగే ఉంచి బ్రిడ్జి చేతినే సైడ్ వైపుకి జరపడం. అప్పుడు ఇరుసు నీ పట్టు దగ్గరకి వెళ్లిపోతుంది, వైట్‌కి చాలా దూరం, కాబట్టి క్యూ తిరిగే కోణం చాలా తక్కువ. నీ షాఫ్ట్‌కి పూర్తి బ్యాక్‌హ్యాండ్ ఎక్కువైపోతుంది, పూర్తి ఫ్రంట్‌హ్యాండ్ చాలదు. రెండూ కలపాలి.

అలలు_ఎంవీపీ

ఎంత కలపాలో లెక్క వస్తుంది. పివట్ 18 అనుకుందాం, బ్రిడ్జి 10, పట్టు వైట్ నుంచి 45 అంగుళాలు. కావలసిన సైడ్‌లో సుమారు 43 శాతం వెనక చేతితో, మిగతా 57 శాతం ముందు చేతితో. సగం సగం కన్నా వెనక చెయ్యి కొంచెం తక్కువ అని గుర్తుంచుకుంటే చాలు. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పిన డేవిడ్ ఆల్సియాటోర్, డాక్టర్ డేవ్ అంటారు, ఈ రెండు చేతుల పాళ్లని ఒక పద్ధతిగా కట్టాడు. షాట్ వేగం, దూరం బట్టి ఆ పాళ్లు మారతాయి.

ఉక్కునగరం_స్నూకర్

వేగంతో ఎందుకు మారుతుంది? స్క్విర్ట్ వేగంతో మారదని విన్నానే.

అలలు_ఎంవీపీ

స్క్విర్ట్ మారదు, స్వర్వ్ (వైట్ దారి వంగడం) మారుతుంది. కుషన్ అడ్డం వల్ల క్యూ ఎప్పుడూ కొద్దిగా ఎత్తే ఉంటుంది కదా, సైడ్‌తో కొట్టిన వైట్ ముందు అవతలికి పోయి, తర్వాత సైడ్ ఉన్న వైపుకి వంగి వస్తుంది. తుఫానులు సుడి ఎందుకు తిరుగుతాయో చదివేటప్పుడు వినే కోరియాలిస్, ఆయనే 1835లో బిలియర్డ్స్ బంతుల మీద గణితం రాసి అచ్చు వేశాడు, బంతి బట్ట మీద జారుతున్నంత సేపూ దాని దారి పరావలయం అని అందులో చూపించాడు. హుద్‌హుద్ చూసిన ఊరివాళ్లం, ఆ పేరు పూల్ టేబుల్ మీద కూడా ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

గట్టిగా కొడితే ఆ వంపు వచ్చేలోపే వైట్ బంతిని తాకేస్తుంది. మెల్లగా, దూరంగా కొడితే వంపు అంతా ముందే వచ్చేసి స్క్విర్ట్‌ని కొంతవరకు చెరిపేస్తుంది. కాబట్టి మెల్లటి పొడుగు షాట్లకి వెనక చేతి పాలు ఇంకా తగ్గించాలి. మామూలు మేపుల్‌కి కూడా ఇది వర్తిస్తుంది. తేమ పట్టిన బట్ట మీద వంపు ఇంకా త్వరగా వస్తుంది, తీరం_గాలి గారు చెప్పినట్టు ఏ టేబుల్‌కి ఆ టేబుల్ చూసుకోవాలి.

సిరిపురం_నైన్‌బాల్

సగానికి కొంచెం తక్కువ వెనక చేతితో చేసి చూశాను. మూడు, నాలుగు అడుగుల్లో సైడ్‌తో బంతులు పడుతున్నాయి. దూరం షాట్లకి మీరు చెప్పిన తగ్గింపు ఇంకా చేతికి రాలేదు. వచ్చే ఆదివారం పార్లర్‌లో నైన్ బాల్ పోటీ ఉంది, ఏ క్యూతో ఆడమంటారు?

చాక్‌పొడి_గాజువాక

పాతదానితో ఆడు తమ్ముడూ. పోటీలో లెక్కలు వేసుకుంటూ నిలబడలేవు.

మార్కర్_బాబాయ్

నాదీ అదే మాట. ఆదివారం పోటీకి మేపుల్, సోమవారం నుంచి కార్బన్, ఆ తర్వాత మేపుల్ ముట్టుకోకు. రెండిటి మధ్యా తిరిగితే ఏ కోణమూ చేతికి ఎక్కదు. శనివారమే మార్కర్‌కి చెప్పి ఆ క్యూ పక్కన పెట్టించు, టిప్ చదునైపోయి ఉంటే కొంచెం గుండ్రంగా రుద్దించు. కొత్త టిప్ మాత్రం వేయించకు. కొత్తది ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, కుదురుకోవడానికి టైమ్ పడుతుంది.

తీరం_గాలి

పోటీకి నేనూ వస్తున్నా. బంతులు తుడిచే బట్ట తెస్తాను, ప్రతి మ్యాచ్ ముందు తుడవనివ్వమని నిర్వాహకుల్ని అడుగుదాం. నలుగురం కలిసి అడిగితే ఒప్పుకుంటారు.